నీళ్లలో దిగలేదని చెప్పాను

ఆస్పత్రిలో నేనొక అబద్ధం చెప్పాను. ఒక్క ముక్క అబద్ధం. దాన్ని వెనక్కి తీసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ నేను పడ్డ యాతన ఒక ఎత్తు, నా నోరు పెగలనందుకు ఇంకొక పిల్ల పడ్డది ఒక ఎత్తు. ఇప్పుడు రక్తం ఆగింది, నొప్పి చాలావరకు తగ్గింది, కూర్చుని నాలుగు మాటలు రాసే ఓపిక వచ్చింది. ఈ అరబ్బు దేశంలో ఉన్న మన ఆడవాళ్లలో ఒక్కరైనా ఇది చదివి డాక్టరు అడిగినదానికి నిజం చెబితే నా కష్టం వృథా పోనట్టే.

మాది జగిత్యాల దగ్గర. మా బావ రాజేందర్ నాకు మేనత్త కొడుకే, పెళ్లయి ఆరేళ్లయింది. ఇక్కడ జజాన్‌లో ఒక కంపెనీలో మెయింటెనెన్స్ ఇంజినీరు. నేను ఫ్యామిలీ వీసా మీద వచ్చి మూడేళ్లు. పిల్లల కోసం నాలుగేళ్లుగా చూస్తున్నాం. అడిగిన వాళ్లందరికీ ఈ "చూస్తున్నాం" అనే మాట చెప్పి చెప్పి, ఆ మాటంటేనే నాకు విసుగు పుట్టింది.

అక్టోబరు

జజాన్ సముద్రపు ఒడ్డు ఊరే కానీ, కొండల వైపు పోతే వాదీలుంటాయి. వాదీ అంటే మన వాగు లాంటిదే. వాన పడితే పారుతుంది, తర్వాత అక్కడక్కడా మడుగులుగా నిలిచిపోతుంది. అలాంటి ఒక మడుగు ఒడ్డునే సుగుణక్క భర్త మల్లేశం పనిచేసే తోట ఉంది. మామిడి, అరటి, బొప్పాయి. తోట ఆయన కఫీల్‌ది. ఇక్కడ మన వీసా, ఉద్యోగం, ఇంటికి వెళ్లే కాగితం అన్నీ ఆ కఫీల్ చేతిలోనే. మల్లేశం పదహారేళ్ల నుంచి ఆ తోటకు మేనేజరు.

సుగుణక్క మా తెలుగు ఆడవాళ్లందరికీ పెద్ద. పాట ఎత్తుకుందంటే గొంతు తోట అవతలికి వినపడుతుంది. అయినా సద్దుల బతుకమ్మ రోజు తనూ గొంతు తగ్గించి పాడేది, మాతోనూ అలాగే పాడించేది. ఈ దేశంలో మన పూజలు బయట చేసుకోవడానికి లేదు. ఏడెనిమిది ఇళ్ల వాళ్లం బురఖా లాంటి అబాయాల కింద పట్టుచీరలు కట్టుకుని, సాయంత్రం నమాజు అయ్యాక కార్లలో తోటకు చేరేవాళ్లం. తంగేడు దొరకదు. తంగేడు లాంటి పసుప్పచ్చ పూల పొదలు వాదీ గట్టున ఉంటే అవే కోసి పేర్చేవాళ్లం. ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి కారులో పెట్టాలి. తర్వాత పసుపు గౌరమ్మ మీద చెయ్యి పెట్టి, ఈ ముచ్చట తోట దాటదని ఒక్కొక్కరం ఒట్టు పెట్టాలి. పిల్లలతో సహా.

మొదటి ఏడు నేనే అన్నాను, ఇంత భయపడుతూ వాగుకు పోవడం ఎందుకు, ఇంట్లో టబ్బులో నిమజ్జనం చేసుకుందామని.

"బకెట్ నీళ్లల్ల గౌరమ్మను ఏస్తరానే ఎవలన్న," అంది సుగుణక్క. "మనం సచ్చిపోయినమా ఏంది, వాగు ఇంత దగ్గరుండంగ."

అందరం మోకాళ్ల పైకి నీళ్లలో దిగాం. సుగుణక్క కూతురు పావనికి అప్పుడు పన్నెండేళ్లు. బతుకమ్మను లోపలిదాకా తీసుకుపోయి వదలడానికి పిల్లనే నడుముల్లోతుకు పంపింది. చల్లటి నీళ్లు, కాళ్ల కింద మెత్తటి బురద, రాళ్లకు అంటుకుని చిన్న చిన్న నత్తలు. చాలాసేపు ఆ నీళ్లలోనే ఉండిపోయాం. ఇంటికి దూరంగా ఉన్న మాకు అంత సంతోషం ఏడాదికి ఒక్కసారే దొరికేది, అది మాత్రం నిజం.

మర్నాడు కాళ్లు దురద. ఎర్రగా దద్దుర్లు. ఫోన్లలో ఒకరినొకరం అడిగి నవ్వుకున్నాం. గడ్డి కోసుకుందనుకుని కొబ్బరినూనె రాసుకున్నాం. రెండో ఏడూ అంతే. వెళ్లడం, దిగడం, గోక్కోవడం, కొబ్బరినూనె.

ఫిబ్రవరి

రెండో బతుకమ్మ అయిన నాలుగు నెలలకు మొదలైంది. నెలసరి కాని రోజుల్లో మరకలు. పొత్తికడుపులో బరువు. బావతో కలిసినప్పుడల్లా రక్తం. మొదట్లో సిగ్గుతో దుప్పటి మార్చేసేదాన్ని. తర్వాత దుప్పట్లు మార్చడం కంటే దూరంగా పడుకోవడం తేలికనిపించింది. బావ ఏమీ అడగలేదు. అడగకపోవడం మర్యాదో, కోపమో నాకు తెలియలేదు.

మా అత్తమ్మ ప్రతి శుక్రవారం ఫోన్ చేసేది. నాకు కన్నతల్లి కంటే ఎక్కువే ఆమె. "మా తమ్ముని బిడ్డవని తెచ్చుకున్ననే," అనేది. "మేనరికం చేసి నేనే తప్పు చేసిన్నేమో బిడ్డా." నన్ను తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. తనను తాను తిట్టుకుంటుంటే ఏం సమాధానం చెప్పను.

మార్చి

రంజాన్ నెలలో ఆస్పత్రికి వెళ్లాను. ఆడవాళ్ల వెయిటింగ్ హాలు నిండా ఉపవాసంలో ఉన్న మనుషులు. ఎవరికీ మాట్లాడే ఓపిక లేదు. నా పక్కన ఒక జజానీ ముసలమ్మ కూర్చుంది. ఇక్కడి ఆడవాళ్లు మనలాగే తలలో మల్లెలు పెట్టుకుంటారు. నేను కడుపు పట్టుకుని ముందుకు వంగి కూర్చోవడం చూసి, తన జడలోంచి మల్లెల దండ సగం తెంపి నా ఒళ్లో పెట్టింది. ఆ పూట నాకు ఏడుపు వచ్చింది నొప్పికి కాదు, ఆ మల్లెలకు.

డాక్టర్ ఇల్హామ్‌ది సూడాన్. నలభై దాటిన మనిషి, నెమ్మదిగా ఇంగ్లిషులో మాట్లాడుతుంది. పెళ్లెప్పుడైంది, నెలసరి ఎప్పుడు వస్తుంది, మూత్రంలో మంట ఉందా, ఇలా వరుసగా అడిగింది. పరీక్ష చేసింది. కాగితం మీద రాస్తూ తల ఎత్తకుండానే అడిగింది.

"ఇక్కడికి వచ్చాక ఎప్పుడైనా వాదీలో గానీ, మడుగులో గానీ దిగారా?"

ఈమెకు ఎలా తెలిసింది అనుకున్నాను. ఎవరైనా చూశారా, మల్లేశం సంగతి బయటపడిందా, ఇక్కడ రాసింది ఎక్కడికి పోతుంది, ఇవే ఆలోచనలు. గౌరమ్మ మీద పెట్టిన ఒట్టు కళ్ల ముందుకొచ్చింది.

"లేదు డాక్టర్. ఎప్పుడూ లేదు."

ఆమె ఇంకేమీ అడగలేదు. ఇన్ఫెక్షన్ కావచ్చని మాత్రలు రాసింది. "మీ ఆయన కూడా వేసుకోవాలి," అంది.

ఆ చివరి మాట పట్టుకుని ఇంటికొచ్చాను. భర్త కూడా వేసుకోవాలంటే, అది భర్త నుంచి వచ్చిన జబ్బనే కదా అర్థం. దారి పొడుగునా అదే తిప్పి తిప్పి ఆలోచించాను. కంచంలో అన్నం పెడుతూ అడిగేశాను.

"బావా, సైటు కాడ నీకెవలన్న ఉన్నరా?"

కంచం పక్కకు జరిపి అన్నాడు, "పొద్దుగాల ఐదింటికి పోతె, చెమటతోని అంగీ ఒంటికి అంటుకున్నంక వస్త. నాకెవలుంటరే శైలూ."

"మరి నాకెట్ల వచ్చింది?"

"నన్నడుగుతవేంది. నాకు మాత్రం ఏం తెలుసు."

మాత్రలు ఇద్దరం వేసుకున్నాం, చెరో గదిలో. ఆ రంజాన్ అంతా బావ హాల్లోనే పడుకున్నాడు. నాకు ఆయన మీద అనుమానం, ఆయనకు నా అనుమానం మీద కోపం. ఇంత జరుగుతున్నా ఆ మడుగు సంగతి నా బుర్రకు తట్టలేదా అంటే, ఒకటి రెండుసార్లు తట్టింది. గర్భసంచికీ వాగునీళ్లకూ ఏం సంబంధం, బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టినట్టు, అని నన్ను నేనే కసిరేసుకున్నాను. చెప్పిన అబద్ధం గుర్తుకు రాకుండా ఉండాలంటే అదొక్కటే దారి.

జూన్

మాత్రలకు తగ్గలేదు. ఇంకో విడత, ఇంకో రకం. దానికీ తగ్గలేదు. జూన్ నాటికి మెట్లెక్కితే ఆయాసం, ముఖం తెల్లగా పాలిపోయింది. జిద్దాలో పెద్ద ఆస్పత్రికి రాసిచ్చారు.

అక్కడ షరఫియా అనే పేటలో ఒక బట్టల షాపు పైన గది తీసుకున్నాం. కింద వీధి నిండా మనవాళ్లే. దోసెల వాసన, తెలుగు మాటలు, డబ్బు పంపే కౌంటర్ల ముందు వరసలు. ఇంకో సందర్భంలో అయితే పండగలా ఉండేది. నేను కిటికీ మూసి పడుకున్నాను.

పరీక్ష చేసిన డాక్టరు చేస్తూ చేస్తూ మాట ఆపేసింది. గర్భాశయ ముఖద్వారం దగ్గర ఇసుక పోసినట్టు గరుకుగా ఉందని, చిన్న ముక్క తీసి పంపాలని అంది. దేనికో చెప్పలేదు. చెప్పకపోయినా ఆ మాట ఏదో అందరికీ తెలుసు. ముక్క తీసేటప్పుడు ఒక ఫిలిప్పీన్స్ నర్సు నా చెయ్యి పట్టుకుంది. "గట్టిగా పట్టుకో మేడమ్, నా చెయ్యేం విరగదు," అంది. నిజంగానే గట్టిగా పట్టుకున్నాను. తర్వాత చూస్తే ఆమె మణికట్టు మీద నా గోళ్ల గుర్తులు. క్షమించమంటే నవ్వి టీ తెచ్చిపెట్టింది.

బయట మగవాళ్ల వైపు బావ పొద్దున్నుంచి కూర్చునే ఉన్నాడు. ఏమీ తినలేదట. గదికి వచ్చాక నా పక్కన మంచం మీద కూర్చుని, గోడ వైపు చూస్తూ అన్నాడు.

"పిల్లలు గిల్లలు ఏం వద్దు. నువ్వుంటె సాలు నాకు."

మూడు నెలల తర్వాత మేము మాట్లాడుకున్న మొదటి మంచి మాట అది. నాకు ఇంకా భయం వేసింది. నేను బతకనని నిశ్చయించుకున్నాడేమో అనిపించింది.

జూలై

రిపోర్టు జజాన్‌కే వచ్చింది. డాక్టర్ ఇల్హామ్ మా ఇద్దరినీ కూర్చోబెట్టి ముందుగా, "క్యాన్సర్ కాదు," అంది. బావ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"దీన్ని బిల్హార్జియా అంటారు. మా దేశంలో చిన్నపిల్లలకు కూడా ఈ పేరు తెలుసు," అని ఒక కాగితం మీద బొమ్మ గీసింది. నిలిచిన నీళ్లలో ఒక రకం నత్తలుంటాయి. వాటి నుంచి కంటికి కనపడని పురుగులు నీళ్లలోకి వస్తాయి. ఆ నీళ్లలో కాళ్లు పెడితే చర్మంలోంచి లోపలికి పోతాయి. లోపల పెరిగి రక్తనాళాల్లో కాపురం పెట్టి గుడ్లు పెడతాయి. కొన్ని గుడ్లు మూత్రంలో బయటకు పోతాయి, కొన్ని గర్భాశయం దగ్గర ఇరుక్కుంటాయి. అక్కడ కండ గరుకై, ముట్టుకుంటే చాలు రక్తం వస్తుంది. భర్త నుంచి వచ్చేది కాదు, భర్తకు అంటేది కాదు. చాలామంది ఆడవాళ్లకు ఏళ్ల తరబడి వేరే జబ్బుల మందులే ఇస్తుంటారట.

"అందుకే మిమ్మల్ని మొదటి రోజే అడిగాను," అని, మళ్లీ అడిగింది. "నీళ్లలో దిగారా?"

నేను నేల వైపు చూశాను. "దిగాను. రెండుసార్లు."

ఎందుకు అని అడుగుతుందనుకున్నాను. ఆమె పెన్ను తీసింది. "ఎందుకు దిగారో నాకు అక్కర్లేదు. ఎక్కడ దిగారో, ఎంతమంది దిగారో కావాలి. ఆ నీటిని పరీక్ష చేయించాలి. మిగతావాళ్లను కూడా చూడాలి."

అంతే. ఆ ఒక్క 'ఎందుకు'కు భయపడి నేను ఇంత చేసుకున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను అడుసు తొక్కాను, కాలు కడుక్కోనని మొండికేశాను కూడా.

నాకు పిల్లలు పుడతారా అని అడిగాను. "తెలియదు," అంది. గట్టిపడిన కండ కొంత మానుతుంది, కొంత మానకపోవచ్చు. ట్యూబుల సంగతి ఆరు నెలలు ఆగి చూద్దామంది. మార్చిలోనే చెప్పి ఉంటే ఏమైనా మేలయ్యేదా అనీ అడిగాను. ఆమె అబద్ధమాడే మనిషి కాదు. "కొంత మేలయ్యేది," అంది.

మందు ఒక్క రోజుది. బరువు చూసి మాత్రలిచ్చారు. ఆ పూటంతా తల తిరిగి, వాంతులై, మంచానికి అతుక్కుపోయాను. బావ తడిగుడ్డతో ముఖం తుడుస్తుంటే అన్నాను, "నిన్ను అనరాని మాట అన్న బావా."

"ఎన్నడన్నవ్?"

"యాదికి లేనట్టు సెయ్యకు."

"యాదికుంది తియ్యి," అన్నాడు. "నాకు లేని రోగానికి నేను గూడ మాత్రలు మింగిన గద. తిలా పాపం తలా పిడికెడు." మార్చి తర్వాత ఆయన నన్ను ఆటపట్టించడం అదే మొదటిసారి.

ఆగస్టు

మడుగు ఎక్కడుందో డాక్టరుకు చెప్పాను. తోట పేరు చెప్పలేదు. వంతెన దాటాక ఎడమ వైపు మడుగు అని మాత్రం చెప్పాను. తర్వాత సుగుణక్కకు ఫోన్ చేశాను. ఆ ఫోన్ చేయడానికి పది రోజులు ఆలోచించాను.

అంతా విని, "ఒట్టు పెట్టినవ్ శైలజా," అంది. ఎప్పుడూ శైలూ అని పిలిచే మనిషి. "పదహారేండ్ల నౌకరి. రేపు కఫీల్ పిలిచి, నా తోట కాడ ఏం జేసిన్రు అని అడిగితె మా ఆయన ఏం చెప్పాలె?"

"తోట పేరు ఎత్తలేదక్కా."

"నీ ఒక్కదానికయింది. మేమందరం దిగలేదా? మాకేమయింది? నీ కడుపు పండకపోతె బతుకమ్మ మీద నూకుతున్నవా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఫోన్ పెట్టేద్దామనుకున్నాను. కానీ ఏడాదిగా ఆమె చెప్పుకుంటున్న బాధ ఒకటి నాకు గుర్తుంది. కూతురికి నెలసరి సరిగ్గా రావడం లేదని, నెలకు రెండు మూడుసార్లు బట్టల మీద మరకలని, పెద్దమనిషైన కొత్తలో అట్లనే ఉంటుందని తనే సర్దిచెప్పుకుంటుండేది.

"అక్కా, పావనికి ఇంకా అట్లనే ఉందా?"

జవాబుకు ఆగకుండా నేనే చెప్పేశాను.

"అది ముట్టు కాదేమో. ఒంటికి పోయినప్పుడు మూత్రంల వస్తుందేమో పిల్లను మెల్లగ అడుగు. నడుముల్లోతు దిగింది అదొక్కతే."

ఫోన్ కట్ అయింది. ఆ సాయంత్రానికి మా ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు. ఎవరూ ఫోన్ చేయలేదు. అక్టోబరులో బతుకమ్మ తొమ్మిది రోజులూ వచ్చి పోయాయి. నేను ఇంట్లో ఒక చిన్న పళ్లెంలో నాలుగు పూలు పేర్చి, పాడబుద్ధికాక అలాగే పెట్టేశాను. జబ్బుతో ఉన్నప్పటి కంటే తగ్గాకే ఎక్కువ అలసిపోయాను. నేను చెప్పింది తప్పేమో, చెప్పడం ఆలస్యం చేయడం తప్పేమో, రెండూ తప్పేనేమో అని రోజుకోలా అనిపించేది.

అక్టోబరు, మళ్లీ

ఒక ఆదివారం పొద్దున ఫోన్. పలకరింపు లేదు. "ఆస్పత్రిల ఏ కౌంటర్ కాడ నిలబడాలె?" అంది సుగుణక్క.

నేను వెళ్లేసరికి వెయిటింగ్ హాల్లో ఒక మూల తల్లీకూతుళ్లు కూర్చున్నారు. పావని బాగా చిక్కిపోయింది. సుగుణక్క నా వైపు చూడకుండా సంచిలోంచి ఒక డబ్బా తీసి నా ఒళ్లో పెట్టింది. మూత తీస్తే మలీద ముద్దలు, సద్దుల రోజు ప్రసాదం.

"మొన్నటిదే. నీ వంతు తీసిపెట్టిన," అంది. "ఈపారి మా ఇంట్లె టబ్బుల్నే ఏసినం గౌరమ్మను," అంది. "ఎవ్వల్ని నీళ్లకు పోనియ్యలే."

నేనొక ముద్ద విరిచి పావనికి పెట్టాను. "సంవత్సరం నుంచి ఒంటికి పోతె ఎర్రగ వస్తుందట పిన్నీ," అంది పావని నెమ్మదిగా, ఎవరి సంగతో చెబుతున్నట్టు. "నేనే అమ్మకు చెప్పలేదు. ముట్టు అనుకోనిచ్చిన. ఆస్పత్రికి తీస్కపోతె నీళ్ల సంగతి బయటపడుతదేమోనని."

పిలుపు వచ్చింది. సుగుణక్క నన్ను కూడా లోపలికి రమ్మంది. డాక్టర్ ఇల్హామ్ నన్ను గుర్తుపట్టి తలూపింది. పావనిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వయసు, చదువు అడిగింది. ఎప్పటి నుంచి, నొప్పి ఉందా, జ్వరం వచ్చిందా అని అడిగింది. తర్వాత అదే గొంతుతో అదే ప్రశ్న.

"నువ్వెప్పుడైనా వాదీ నీళ్లలో దిగావా తల్లీ?"

పావని తల్లి వైపు చూసింది. తర్వాత డాక్టరు వైపు చూసి, "నో డాక్టర్. నెవర్," అంది. అచ్చం నేను చెప్పినట్టే. తడబాటు కూడా లేదు. నిరుడు గౌరమ్మ మీద పదమూడేళ్ల ఆ చెయ్యి కూడా పడింది కదా.

నేను నోరు తెరవబోయాను. సుగుణక్క నా చెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది. ఆమెకు ఇంగ్లిషు రాదు, అరబీ తోట కూలీలతో మాట్లాడేంత వచ్చు. ముఖం మీది ముసుగు తీసి, డాక్టరు కళ్లలోకి చూస్తూ, ఆ వచ్చిన అరబీలోనే ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పింది.

"పిల్ల అబద్ధం చెబుతుంది. చెప్పమన్నది నేను. నీళ్లలో దింపింది నేను."